పాత గ్రాఫిక్స్ కార్డు ఊరికే ఉన్నా వేడెక్కుతోందా? తరచుగా అడిగే ప్రశ్నలు

గేమ్ ఆడటం లేదు, వీడియో చూడటం లేదు, స్క్రీన్ మీద వాల్‌పేపర్ తప్ప ఏమీ లేదు. అయినా కార్డు 58, 60 డిగ్రీలు చూపిస్తోంది. ఇలాంటప్పుడు ఎవరిని అడిగినా వచ్చే మొదటి సలహా ఒకటే: "థర్మల్ పేస్ట్ ఎండిపోయి ఉంటుంది, మార్చెయ్." చిప్పుకూ, దాని వేడిని గాలికి వదిలే లోహపు రేకుల హీట్‌సింక్‌కూ మధ్య పూసే పేస్ట్ అది. ఆ సలహా విని, బాగానే ఉన్న కార్డును విప్పి, ఫ్యాన్ వైరు తెంపుకున్నవాళ్లను చూశాను. స్క్రూడ్రైవర్ పట్టుకునే ముందు కూర్చున్న చోటి నుంచే చూసుకోవాల్సినవి చాలా ఉన్నాయి. అందుకే ప్రశ్నలను ఏది ముందు చూడాలో ఆ వరసలోనే పెట్టాను. ఉదాహరణలు ఎక్కువగా ఎన్విడియా జీటీఎక్స్ 1060, ఏఎండీ ఆర్ఎక్స్ 580ల గురించే ఉంటాయి. ఆ కాలపు కార్డులు ఇంకా మన ఇళ్లలో చాలానే పనిచేస్తున్నాయి.

ఖాళీగా ఉన్నప్పుడు ఎన్ని డిగ్రీలుంటే మామూలు?

ఆ అంకె ఒక్కటే చూస్తే ఏమీ తెలియదు. గదిలో ఎంత వేడి ఉందో ముందు చూడాలి. గది కంటే చల్లగా కార్డు ఎప్పటికీ ఉండలేదు. డిసెంబరులో ఆదిలాబాద్‌లో తెల్లవారుజామున 32 చూపించిన కార్డే, మే నెలలో ఖమ్మంలో మధ్యాహ్నం 55 చూపిస్తుంది. కార్డులో ఏ మార్పూ లేదు, గది మారిందంతే. మన వేసవిలో బయట 45 దాటడం కొత్తేం కాదు, ఏసీ లేని గదిలో 37, 38 ఉంటుంది. క్యాబినెట్ లోపల ఇంకో నాలుగైదు డిగ్రీలు కలుపుకోండి.

కాబట్టి గోడకు తగిలించే మామూలు థర్మామీటర్ ఒకటి సీపీయూ పక్కన పెట్టి, కార్డు వేడిలోంచి గది వేడిని తీసేయండి. ఫ్యాన్లు తిరుగుతున్న కార్డుకు తేడా 8 నుంచి 15 డిగ్రీలు ఉంటే చింత లేదు. ఫ్యాన్లు ఆగి ఉంటే 20 దాకా రావచ్చు. 25 దాటితే వెతకాల్సిందే. చలికాలంలోనూ వేసవిలోనూ ఈ తేడా ఒకేలా ఉంటే కార్డు బాగున్నట్టే. దీన్ని ఒక కాగితం మీద తేదీతో సహా రాసిపెట్టుకోండి, వచ్చే ఏడాది చాలా పనికొస్తుంది.

ఫ్యాన్లు అసలు తిరగడమే లేదు. పాడైపోయాయా?

చాలావరకు కాదు. 2014 తర్వాత వచ్చిన కార్డుల్లో చాలావాటికి, చిప్పు 50 నుంచి 60 డిగ్రీలకు చేరేదాకా ఫ్యాన్లు ఆపి ఉంచే ఏర్పాటు ఉంది. చప్పుడు లేకుండా ఉండటానికి కంపెనీలే అలా చేశాయి. అలాంటి కార్డు ఖాళీగా 50 చూపిస్తే అది జబ్బు కాదు, దాని తీరే అంత.

నిజంగా పాడయ్యాయో లేదో తెలియాలంటే ఎంఎస్ఐ ఆఫ్టర్‌బర్నర్ అనే ప్రోగ్రామ్ తెరిచి ఫ్యాన్ వేగాన్ని మీరే 40 శాతానికి పెట్టండి. టార్చిలైటు వేసి అన్ని ఫ్యాన్లూ తిరుగుతున్నాయా అని చూడండి. రెండింట్లో ఒకటి ఆగిపోయి ఉండటం, చప్పుడు వస్తోంది కదా అని మనం గమనించకపోవడం తరచుగా జరుగుతుంది. అన్నీ తిరిగి, రెండు మూడు నిమిషాల్లో వేడి 10 డిగ్రీలు పడిపోతే ఇక్కడితో ఆగిపోవచ్చు. ఆఫ్టర్‌బర్నర్‌లోనే ఫ్యాన్ గీతను (ఎంత వేడికి ఎంత వేగమో చెప్పే గ్రాఫ్) మార్చి, 40 డిగ్రీల నుంచే 30 శాతం వేగంతో తిరిగేలా పెట్టుకుంటే చాలు.

అందరూ పేస్ట్ అంటున్నారు. మొదట అదే మార్చనా?

వద్దు. ఎందుకు వద్దంటున్నానో ఒక చిన్న లెక్కతో చెబుతాను. పేస్ట్ ఎండిపోతే చిప్పుకూ హీట్‌సింక్‌కూ మధ్య వేడి దాటడం కష్టమవుతుంది. ఆ కష్టం వల్ల ఒక్కో వాటుకు 0.3 డిగ్రీ అదనంగా పెరుగుతుందని అనుకుందాం. గేమ్ ఆడేటప్పుడు జీటీఎక్స్ 1060 సుమారు 120 వాట్లు తీసుకుంటుంది, కాబట్టి 36 డిగ్రీలు పెరుగుతుంది. అది ఎవరికైనా తెలిసిపోతుంది. అదే కార్డు నిజంగా ఖాళీగా ఉంటే తీసుకునేది 10 వాట్ల లోపే. అప్పుడు పెరిగేది 3 డిగ్రీలు.

అంటే పేస్ట్ పాడైతే గేమ్‌లో వేడి విపరీతంగా ఉంటుంది, ఖాళీగా ఉన్నప్పుడు పెద్దగా తేడా కనబడదు. మీ కార్డు గేమ్‌లో 72 దగ్గర ఆగిపోతూ, ఖాళీగా మాత్రం 60 చూపిస్తుంటే పేస్ట్‌ను అనుమానించాల్సిన పనే లేదు. కార్డు ఖాళీగా లేదు, మీకు తెలియకుండా ఏదో పని చేస్తోంది.

కార్డు నిజంగా ఖాళీగా ఉందో లేదో ఎలా తెలుస్తుంది?

క్లాక్ చూడండి, అంటే చిప్పు, మెమరీ ఎంత వేగంతో నడుస్తున్నాయో. దాన్ని చూపించే జీపీయూ-జెడ్ గానీ హెచ్‌డబ్ల్యూఇన్ఫో గానీ పెట్టుకోండి, రెండూ ఉచితమే. కంప్యూటర్ ఆన్ చేశాక పావుగంట వదిలేయండి. మొదట్లో విండోస్ తన పనులేవో చేసుకుంటూ ఉంటుంది, అప్పుడు చూసిన అంకెలకు విలువ లేదు. తర్వాత అన్నీ మూసి చూడండి.

జీటీఎక్స్ 1060 నిద్రలో ఉంటే చిప్పు క్లాక్ 139 మెగాహెర్ట్జ్, మెమరీ క్లాక్ 405 ఉంటాయి. ఆర్ఎక్స్ 580కి రెండూ 300. ఇక్కడ ఒక తికమక ఉంది. 1060 మెమరీ పూర్తి వేగాన్ని ఆఫ్టర్‌బర్నర్ 4004 అంటే, జీపీయూ-జెడ్ అందులో సగం చూపిస్తుంది. లెక్కించే పద్ధతి వేరు, కార్డు ఒకటే. నిద్రలో ఉన్నప్పుడు జీపీయూ-జెడ్‌లో 202 కనిపిస్తే కంగారు పడొద్దు.

మెమరీ 4004 దగ్గరో, ఆర్ఎక్స్ 580లో 2000 దగ్గరో కదలకుండా నిలబడి ఉందంటే దొంగ దొరికినట్టే. విప్పడాలు, తుడవడాలు ఏవీ వద్దు. కింది రెండు ప్రశ్నలూ చదవండి.

రెండు మానిటర్లు పెట్టినప్పటి నుంచి వేడి పెరిగింది. సంబంధం ఉందా?

ఉంది, చాలా ఉంది. నా 1060తో నేను వారం రోజులు కుస్తీ పట్టింది దీని దగ్గరే. కొత్తగా 144 హెర్ట్జ్ మానిటర్ కొని, పాత 60 హెర్ట్జ్ దాన్ని పక్కన పెట్టుకున్నాను. అంతకుముందు 43 ఉండే కార్డు మర్నాటి నుంచి 58. దుమ్ము దులిపాను, సీపీయూ తలుపు తీశాను, ఫలితం లేదు. చివరికి ఒక సాయంత్రం ఎందుకో పాత మానిటర్ కేబుల్ పీకేసి చూశాను. జీపీయూ-జెడ్‌లో మెమరీ గీత, గోడ మీంచి దూకినట్టు నిట్టనిలువునా కిందికి పడింది. ఐదు నిమిషాల్లో 45కి వచ్చింది. కేబుల్ మళ్లీ పెట్టాను, గీత మళ్లీ పైకి. అలా నాలుగుసార్లు పెట్టి తీసి చూశాకగానీ నాకు నమ్మకం కుదరలేదు.

కారణం ఇది. మెమరీ వేగం మార్చాలంటే కార్డుకు కనురెప్పపాటు ఖాళీ కావాలి. మానిటర్‌కు ఒక బొమ్మ పంపడం అయిపోయి, తర్వాతి బొమ్మ మొదలయ్యే మధ్యలో ఆ ఖాళీ దొరుకుతుంది. మానిటర్ ఒకటే అయితే ఇబ్బంది లేదు. ఒకటి సెకనుకు 144 సార్లు, ఇంకొకటి 60 సార్లు మారుతుంటే ఆ ఖాళీలు రెండూ ఒకేసారి కలవవు. ఆ సమయంలో వేగం మారిస్తే స్క్రీన్ మినుకుమంటుంది. అది రాకుండా డ్రైవర్ (విండోస్ తరఫున కార్డును నడిపే ప్రోగ్రామ్) మెమరీని పై వేగంలోనే ఉంచేస్తుంది. పాత కార్డుల్లో ఇది బాగా కనిపిస్తుంది.

చేయగలిగినవి:

మొదట 144ను 120కి తగ్గించి చూడండి. విండోస్ డిస్‌ప్లే సెట్టింగుల్లోనే మార్చొచ్చు. 60కి అది సరిగ్గా రెట్టింపు కాబట్టి కొన్ని కార్డులు దానికి ఒప్పుకుని దిగుతాయి. ఒప్పుకోకపోతే రెండింటినీ 60 చేసి చూడండి, కారణం ఇదేనా అన్నది అప్పుడు తేలిపోతుంది.

నాకు బాగా నచ్చిన దారి వేరే ఉంది. మీ ప్రాసెసర్‌లో సొంత గ్రాఫిక్స్ ఉంటే రెండో మానిటర్‌ను కార్డుకు కాకుండా మదర్‌బోర్డుకు పెట్టేయండి. బయోస్‌లో (విండోస్ మొదలవక ముందు తెరుచుకునే మదర్‌బోర్డు సెట్టింగులు) లోపలి గ్రాఫిక్స్‌ను ఆన్ చేయాల్సి రావచ్చు. ఇంటెల్‌లో పేరు చివర ఎఫ్ అక్షరం ఉన్న ప్రాసెసర్లకు ఈ వీలు లేదు. మెయిల్, పాటలు, వాట్సాప్ ఉండే రెండో స్క్రీన్‌కు మదర్‌బోర్డు గ్రాఫిక్స్ ఎంతో ఎక్కువ.

ఎన్విడియా కార్డులకు ఎన్విడియా ఇన్‌స్పెక్టర్ అనే ఉచిత ప్రోగ్రామ్‌లో మల్టీ డిస్‌ప్లే పవర్ సేవర్ అని ఒకటుంది. మీరు చెప్పిన గేమ్‌లు తెరిచినప్పుడు తప్ప, మిగతా వేళ కార్డును అది బలవంతంగా కింది క్లాక్‌లో ఉంచుతుంది. పనిచేస్తుంది కానీ అప్పుడప్పుడూ స్క్రీన్ మినుకుమనొచ్చు. పై రెండూ కుదరనప్పుడే దీని జోలికి వెళ్లండి.

మానిటర్ ఒకటే. అయినా క్లాక్ దిగడం లేదు.

ఎన్విడియా కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ మేనేజ్‌మెంట్ మోడ్ చూడండి. గేమ్ కోసం ఎప్పుడో ఏ వీడియోనో చూసి "ప్రిఫర్ మ్యాగ్జిమమ్ పెర్ఫార్మెన్స్" పెట్టి మర్చిపోయి ఉంటారు. అది ఉన్నంతకాలం కార్డు నిద్రపోదు. అన్ని ప్రోగ్రామ్‌లకూ కలిపి ఉన్న చోట (గ్లోబల్ సెట్టింగ్స్) దాన్ని మామూలుకు మార్చి, కావాలంటే ఆ ఒక్క గేమ్‌కు మాత్రం పెట్టుకోండి.

తర్వాత చూడాల్సింది వెనకాల నడుస్తున్న ప్రోగ్రామ్‌లను. కదిలే వాల్‌పేపర్లు, గేమ్ లాంచర్లు, ఆటను ఎప్పటికప్పుడు రికార్డు చేసే సదుపాయం, పదిహేను ట్యాబ్‌లతో తెరిచి ఉన్న బ్రౌజర్, ఇవన్నీ కార్డును వాడుకుంటాయి. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కి టాస్క్ మేనేజర్ తెరవండి. ప్రాసెస్‌ల పేజీలో జీపీయూ (గ్రాఫిక్స్ చిప్పు) అన్న నిలువు వరస మీద నొక్కితే ఎక్కువ వాడేది పైకి వస్తుంది. విండోస్ 10లో 2017 చివరి అప్‌డేట్ నుంచి ఈ వరస ఉంది. ఒక్కో ప్రోగ్రామ్ మూస్తూ క్లాక్ ఎప్పుడు పడుతుందో చూడండి.

ఎవరైనా దొంగతనంగా మైనింగ్ ప్రోగ్రామ్ పెట్టారేమోనని అనుమానం.

మైనింగ్ అంటే కార్డుతో లెక్కలు చేయించి క్రిప్టో కరెన్సీ సంపాదించడం. క్రాక్ చేసిన గేమ్‌లు, దొంగ సాఫ్ట్‌వేర్లు ఎక్కించిన కంప్యూటర్‌లో ఈ అనుమానం సబబే. టాస్క్ మేనేజర్ పెర్ఫార్మెన్స్ పేజీలో మామూలుగా కనిపించే గ్రాఫ్‌లు 3డీ, కాపీ, వీడియో పనులవి. మైనింగ్ మాత్రం ఎక్కువగా కంప్యూట్ అనే విభాగంలో జరుగుతుంది. ఆ పేజీలో జీపీయూ మీద నొక్కి, ఒక గ్రాఫ్ పేరు పక్కనున్న బాణం నొక్కి Compute లేదా CUDA అన్నది ఎంచుకోండి.

ఇంకో జాగ్రత్త: టాస్క్ మేనేజర్ తెరవగానే ఆగిపోయే మాయదారి ప్రోగ్రామ్‌లు కూడా ఉన్నాయి. అందుకని ఆఫ్టర్‌బర్నర్‌ను ఒక్కదాన్నే నడవనిచ్చి, అరగంట కంప్యూటర్ ముట్టుకోకుండా వదిలేసి వచ్చి గ్రాఫ్ చూడండి. మీరు మౌస్ వదిలిన ఐదు నిమిషాలకు వాడకం 90, 100 శాతానికి ఎక్కి, తిరిగి మౌస్ కదపగానే పడిపోయినట్టు కనిపిస్తే అనుమానం నిజమయ్యేలా ఉంది. విండోస్ డిఫెండర్‌లో ఆఫ్‌లైన్ స్కాన్ నడపండి. అప్పటికీ పోకపోతే విండోస్ మళ్లీ ఎక్కించుకోవడమే క్షేమం, పాస్‌వర్డ్‌లు కూడా మార్చుకోండి.

క్లాక్ కిందనే ఉంది, ఏ ప్రోగ్రామూ లేదు. అయినా వేడి తగ్గడం లేదు.

అయితే గాలి సంగతి చూడాలి. సీపీయూ పక్క తలుపు తీసేసి పది నిమిషాలు ఆగండి. ఐదు డిగ్రీలకు మించి తగ్గితే తప్పు కార్డుది కాదు, క్యాబినెట్‌ది.

మన ఇళ్లలో దీనికి పెద్ద కారణం కంప్యూటర్ టేబుల్. సీపీయూ పెట్టడానికి కింద ఒక చెక్క అర ఉంటుంది కదా, మూడు వైపులా మూసి ఉండి, వెనకాల వైర్లు పోవడానికి చిన్న కంత ఉంటుంది. వెనక నుంచి వచ్చిన వేడిగాలి బయటికి పోయే దారి లేక తిరిగి ముందు నుంచి లోపలికే వెళ్తుంది. పైగా ఆ అరలోనే యూపీఎస్ కూడా పెడతారు, దాని వేడి అదనం. సీపీయూను బయటికి తీసి, గోడకు జానెడు దూరంలో, పలక మీదో స్టూలు మీదో పెట్టండి. నేల మీద మాత్రం వద్దు. ఊడ్చినప్పుడల్లా లేచే దుమ్మంతా నేరుగా లోపలికి పోతుంది.

ముందు ఒక ఫ్యాన్ గాలి లోపలికి లాగాలి, వెనక ఒకటి బయటికి పంపాలి. పాత క్యాబినెట్లలో వెనక ఫ్యాన్ ఒక్కటే ఉంటుంది, లేదా అదీ ఉండదు. 120 మిల్లీమీటర్ల ఫ్యాన్ ఒకటి ముందు బిగిస్తే కార్డుకు కలిగే మేలు, ఖరీదైన పేస్ట్ వల్ల కలిగే మేలు కంటే ఎక్కువ.

దుమ్ము ఎలా తీయాలి?

కరెంటు తీసి, పవర్ కేబుల్ పీకి, కార్డును బయటికి తీసి, ఆరుబయట. ఫ్యాన్ రెక్కను వేలితో కదలకుండా పట్టుకుని బ్లోయర్ కొట్టండి. పట్టుకోకపోతే గాలి వేగానికి అది తిరగాల్సిన వేగం కంటే ఎక్కువ తిరిగి బేరింగ్ పాడవుతుంది. హీట్‌సింక్ రేకుల మధ్య చూడండి, ఫ్యాన్‌కు అటుపక్క దుమ్ము పరుపులా పేరుకుని ఉంటుంది. పైనుంచి చూస్తే శుభ్రంగానే కనిపిస్తుంది.

వంటింటికి దగ్గరగా ఉన్న కంప్యూటర్లలో ఈ దుమ్ము జిడ్డుగా ఉంటుంది. తాలింపు పొగ, అగరుబత్తుల పొగ కలిసి రేకులకు అతుక్కుపోతుంది, బ్లోయర్‌కు రాదు. మెత్తటి పెయింటు బ్రష్షును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచి రేకుల మధ్య నెమ్మదిగా తుడిచి, పూర్తిగా ఆరాక బిగించండి. తడిగుడ్డ వద్దు. ఇంట్లో ఊడ్చే వ్యాక్యూమ్ క్లీనర్ కూడా వద్దు, దాని గొట్టం చివర పుట్టే స్టాటిక్ కరెంటు చిప్పులకు మంచిది కాదు.

ఫ్యాన్ గరగరమంటోంది, నెమ్మదిగా తిరుగుతోంది.

బేరింగ్‌లో నూనె ఎండింది. ఫ్యాన్ మధ్యలో స్టిక్కర్ తీసి చూస్తే కొన్నింటికి చిన్న రంధ్రం ఉంటుంది. కుట్టుమిషన్ నూనె ఒక్క చుక్క వేస్తే కొన్ని నెలలు నడుస్తుంది. కొబ్బరినూనె వేయకండి, అది 24 డిగ్రీల కిందికి వస్తే పేరుకుంటుంది, చలికాలం పొద్దున ఫ్యాన్ అసలే కదలదు. శాశ్వత మందు మాత్రం కొత్త ఫ్యాన్. మధ్య భాగం మీద ముద్రించిన నంబరు, రెక్కల వ్యాసం, స్క్రూ రంధ్రాల మధ్య దూరం, వైర్ల సంఖ్య, ఈ నాలుగూ సరిచూసి తెప్పించుకోండి.

మరి పేస్ట్ మార్చాల్సిన సమయం వచ్చిందని ఎలా తెలుస్తుంది?

వేడి ఎక్కే తీరు, దిగే తీరు చెబుతాయి. ఒక గేమ్ పెట్టి, ఆపి, గ్రాఫ్ చూడండి.

గేమ్ మొదలవగానే రెండు మూడు సెకన్లలో 20 డిగ్రీలు ఎగిరి, ఆపగానే అంతే వేగంగా పడిపోతే చిప్పు వేడి హీట్‌సింక్‌కు అందడం లేదు. హీట్‌సింక్ చల్లగానే ఉంది, మధ్యలో దారి పోయింది. అది పేస్ట్. అలా కాకుండా పది నిమిషాల పాటు నిదానంగా పెరుగుతూ పోయి, ఆపాక కూడా నిదానంగా దిగితే హీట్‌సింక్ వేడిని పట్టుకుంది గానీ వదిలించుకోలేకపోతోంది. అది గాలి, దుమ్ము, ఫ్యాన్ల సమస్య. జీపీయూ-జెడ్‌లో హాట్ స్పాట్ (చిప్పులో అన్నిటికంటే వేడిగా ఉన్న చోటు) అంకె కనబడితే గేమ్‌లో దాన్నీ చూడండి. మామూలు అంకె కంటే అది 25, 30 డిగ్రీలు ఎక్కువుంటే పేస్ట్ సమంగా లేదు.

సరే, మారుస్తున్నాను. ఏం చూసుకోవాలి?

మొన్న మా తమ్ముడి కార్డు విప్పితే, పాత పేస్ట్ విభూతిలా పొడిపొడిగా రాలింది. చిప్పు మధ్యలో ఏమీ మిగల్లేదు, అంచుల్లో మాత్రం గట్టిపడిన చారలు. ఎనిమిదేళ్ల కార్డు అది, గేమ్‌లో 86 దాకా వెళ్లేది. మార్చాక 71. ఖాళీగా ఉన్నప్పటి అంకె మారింది రెండంటే రెండు డిగ్రీలు.

వెనక వైపు చిప్పు చుట్టూ ఉండే నాలుగు స్ప్రింగు స్క్రూలను ఒక్కోటీ కొంచెం కొంచెంగా, ఎదురెదురుగా వదులు చేయండి. హీట్‌సింక్ ఊడగానే లాగేయొద్దు, ఫ్యాన్ వైరు ఇంకా బోర్డుకు ఉంటుంది. హీట్‌సింక్ రాకపోతే స్క్రూలు మళ్లీ బిగించి, కార్డును కాసేపు నడిపి గోరువెచ్చగా ఉన్నప్పుడు మళ్లీ ప్రయత్నించండి. పాత పేస్ట్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. ప్రాసెసర్‌లా దీని మీద లోహపు మూత ఉండదు, చిప్పు గాజులా బయటికే ఉంటుంది. గోరుగానీ బ్లేడుగానీ తగలనివ్వొద్దు.

కొత్త పేస్ట్ కందిగింజంత చాలు, కానీ చిప్పు నాలుగు మూలలూ కప్పేలా పలచగా పరవాలి. లిక్విడ్ మెటల్ జోలికి పోవద్దు. అది కరెంటును పారనిస్తుంది, అల్యూమినియాన్ని తినేస్తుంది. మెమరీ చిప్పుల మీద ఉండే మెత్తటి థర్మల్ ప్యాడ్‌లు చిరగకపోతే అలాగే ఉంచండి. చిరిగితే పాత దాని మందాన్ని కొలిచి, సరిగ్గా అంతే మందం ఉన్నది వేయండి. అర మిల్లీమీటరు ఎక్కువైనా హీట్‌సింక్ చిప్పుకు ఆనదు, ముందుకంటే ఎక్కువ వేడెక్కుతుంది. పేస్టూ ప్యాడ్‌లూ సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని సీటీసీ లాంటి చోట్ల దొరుకుతాయి, ఆన్‌లైన్‌లోనూ దొరుకుతాయి.

సెకండ్ హ్యాండ్ కార్డు కొన్నాను. తెచ్చిన రోజు నుంచీ వేడే.

2022 సెప్టెంబరులో ఎథీరియం అనే క్రిప్టో కరెన్సీ మైనింగ్ ఆగిపోయాక, రోజుకు 24 గంటలూ నడిచిన కార్డులు పెద్ద ఎత్తున సెకండ్ హ్యాండ్ మార్కెట్‌కు వచ్చాయి. వాటిలో ఫ్యాన్లు అరిగి ఉంటాయి. ఆర్ఎక్స్ 570, 580ల్లో చాలావాటికి బయోస్ (ఇక్కడ కార్డులోనే ఉండి దాని వేగాలు నిర్ణయించే ప్రోగ్రామ్) కూడా మార్చేసి ఉంటారు. క్లాక్‌లు వింతగా ఉంటే కార్డు పై అంచున చిన్న స్విచ్ ఉందేమో చూడండి. కొన్ని మోడళ్లలో రెండు బయోస్‌లు ఉంటాయి. కంప్యూటర్ ఆపి స్విచ్ రెండో వైపుకు జరిపితే అసలుది నడవొచ్చు.

అండర్‌వోల్ట్ చేస్తే ఖాళీగా ఉన్నప్పుడు తగ్గుతుందా?

అండర్‌వోల్ట్ అంటే చిప్పుకు అందే వోల్టేజ్ తగ్గించడం. దానివల్ల తగ్గదు. నిద్రలో కార్డు ఇప్పటికే అతి తక్కువ వోల్టేజ్‌లో ఉంటుంది. గేమ్‌లో మాత్రం బాగా పనిచేస్తుంది.

డ్రైవర్ మారిస్తే?

అప్‌డేట్ తర్వాతే సమస్య మొదలైతే మార్చండి. డీడీయూ అనే ప్రోగ్రామ్‌తో పాతదాన్ని సేఫ్ మోడ్‌లో పూర్తిగా తీసేసి, అంతకుముందు బాగా నడిచిన డ్రైవర్‌ను ఎక్కించండి. 900, 1000 శ్రేణి ఎన్విడియా కార్డులకు గేమ్‌ల కోసం కొత్త డ్రైవర్లు 2025 అక్టోబరుతో ఆగాయి, 2028 అక్టోబరు దాకా భద్రతా అప్‌డేట్‌లు మాత్రమే వస్తాయి. కాబట్టి క్లాక్ సమస్యను కొత్త డ్రైవర్ బాగుచేస్తుందని ఎదురుచూడకండి, పైన చెప్పిన దారుల్లో ఒకటి పట్టుకోండి.

ఎయిర్ కూలర్‌ను సీపీయూ వైపు తిప్పి పెట్టొచ్చా?

వద్దు. అందులోంచి తేమ, ఒక్కోసారి తుంపర్లు కూడా వస్తాయి. గదిని చల్లబరచనివ్వండి చాలు, సీపీయూకు ఎదురుగా మాత్రం వద్దు.

ఇలాగే వదిలేస్తే కార్డు పోతుందా?

60 డిగ్రీలకు చిప్పు పోదు. జీటీఎక్స్ 1060కి ఎన్విడియా చెప్పిన గరిష్ఠ హద్దు 94. ఖాళీగా 55 చూపిస్తూ, గేమ్‌లో 75 దాటకుండా ఉన్న కార్డు గురించి నిద్ర మానుకోవాల్సిన అవసరం లేదు. గేమ్ లేకుండానే 70 దాటితే, లేదా స్క్రీన్ మీద రంగు చుక్కలు, గళ్లు కనిపిస్తే ఆ రోజే ఆపి చూడండి.

క్లాక్ దిగకపోవడం వల్ల వచ్చే వేడి కార్డును చంపకపోయినా కరెంటు తింటుంది. అదనంగా 20 వాట్లు, రోజుకు 10 గంటలు, నెలకు 6 యూనిట్లు. ఆ వేడి అంతా మే నెలలో మీరు కూర్చున్న గదిలోకే వస్తుంది.